చింతపండుతో తోమిన తూటాలు

అమెరికాలో నోవై ఊరి శివార్లలోని ఆ ఇంట్లో గోంగూర మడిని, బొరియల్లో ఉండే గ్రౌండ్‌హాగ్ అనే బొద్దు జంతువు మేసేయడం ఇది మూడో వేసవి. దాన్ని కాల్చి తీరతానన్న మొగుడు గరాజ్‌లో మళ్ళీ మందు కూరడానికని వాడేసిన తూటాల ఇత్తడి గొట్టాలు తోముతుంటే, ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

“నా చింతపండు డబ్బా ఇక్కడుందేంటి?”

“అమ్మ బిందెలు దీంతోనే తోమేది. బిందైనా తూటా అయినా ఇత్తడేగా!”

“మొన్న పెద్ద తూటా అన్నారు?”

“దానికి చప్పుడెక్కువ. ఈ చిన్న ట్వంటీటూ హార్నెట్ తూటా చాల్లే.”

“మే నెల నుంచీ తోముతూనే ఉన్నారు. కాల్చేదెప్పుడు?”

“ఇంకా గొట్టాల మూతులు సమం చెయ్యాలి, కొలతలు చెక్ చెయ్యాలి...”

“ఆ గ్రౌండ్‌హాగ్ పిల్లల్ని పెట్టింది. చూశారు కదూ?”

ఆయన తలెత్తలేదు. “నాలుగు.”

ఆవిడకు నవ్వొచ్చింది, ఆపుకుంది.

“అయితే నిదానంగానే తోమండి. కంచె అవతల వాటికో మడి వేశాను.”