వడగళ్ల మేఘానికి ఇంబ్రో కొట్టిన దెబ్బ

ఇంబ్రో మాట మొదలుపెట్టినప్పుడు ఉల్లిపాయంత ఉంటుంది, ముగించేసరికి ఉల్లితోటంత అవుతుంది. మా లిపోవెత్స్ కొండమీద ద్రాక్షతోటలున్న ప్రతివాళ్లకీ ఆ సంగతి తెలుసు. తెలిసే వింటాం.

జనవరి చలిలో, విన్సెంట్ పండుగనాడు, యాల్జా తోటలో వైన్ పీపాలుండే కొట్టు వసారామీద కూర్చున్నాం. బయట తీగలకి కట్టిన వెల్లుల్లి సాసేజీలు మంచులో వేలాడుతున్నాయి. నిద్రపోతున్న తీగల్ని లేపడానికి ఆ రోజు ప్రతి తోటలోనూ కుబురాలు పేలుస్తాం. మూరకంటే పొట్టిది, తొడంత లావుది మా కుబురా తుపాకి. గుండూ లేదు, గురీ లేదు. గొట్టంలో తుపాకిమందు పోసి, కర్ర బిరడాని సుత్తితో దిగ్గొట్టి, వెనక నిప్పురవ్వ పుట్టించే చిన్న రాగి టోపీ తొడిగి, చెయ్యి చాచి మీట నొక్కడమే. ఎంత గట్టిగా దిగ్గొడితే అంత మోత. కానీ మొదటి మోత ఎవరు పడితే వాళ్లు మోగించకూడదు. ఏడాదిలో ఆ తోటకి ఎవరు మేలు చేశారో వాళ్లని పిలిచి, కొయ్యసుత్తి చేతికివ్వాలి తోటవాళ్లు. మా దగ్గర కృతజ్ఞత అంటే అదే.

యాల్జా మొగుడు మతీయ పోయిన వసంతంలో చనిపోయాడు. అతను లేకుండా వచ్చిన మొదటి పండుగ ఇది. సుత్తి యాల్జా ఒళ్లో ఉంది. ఎవరికిస్తుందో ఇంకా చెప్పలేదు. ఇంబ్రో కళ్లు మాత్రం దానిమీదే ఉన్నాయి. జుట్టు నెరిసిపోయినా ఇంతవరకూ ఏ తోటవాళ్లూ అతని చేతికి సుత్తి ఇచ్చిన పాపాన పోలేదు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు," అన్నాడు ఇంబ్రో.

మేం గబగబా గ్లాసులు నింపుకున్నాం.

"జూలైలో ఆ వడగళ్ల మేఘం వచ్చిందే, ఆ రోజు నేను చేసింది చాలా చిన్న పని. ఒక్క దెబ్బ పేల్చాను, అంతే. దానికి నాకు ఎవరూ దండం పెట్టక్కర్లేదు, పెడతానంటే వద్దననూ లేను. స్లొవేనియా వైపునుంచి వస్తోంది మేఘం, దాని రంగు చూశారుగా, ఆకుపచ్చా నలుపూ కలిపి కాలిన పచ్చిమిరపకాయలా ఉంది. మోతకి మేఘం చెదరాలని చర్చి గంట మోగుతోంది, ఎవరి తోటలో వాళ్లు కుబురాలు పేలుస్తున్నారు, గాష్పర్ కూడా పేల్చాడు, పాపం వాడిది మోతా దగ్గా తెలీలేదు. నేను కుబురా భుజాన వేసుకుని ఇదిగో ఈ మతీయ తోటలోకి వచ్చి నిలబడ్డాను."

"నీ తోట వదిలేసి ఇక్కడికెందుకొచ్చావురా?" అన్నాడు గాష్పర్. కొండకి ఆ పక్క తోట వాడిదే. ఇంబ్రోతో చిన్నప్పట్నుంచీ స్నేహం, చిన్నప్పట్నుంచీ తగువూ.

"ఇక్కణ్ణుంచి దాని బొడ్డు సూటిగా కనబడుతుంది."

"ఈ తోట నీ తోటకంటే దిగువన ఉంది కదా!"

"పొట్టలో పొడవాలంటే కిందినుంచేగా పొడవాలి? నువ్వు పందిని ఎప్పుడైనా వీపుమీద కోశావా? సరే, బిరడా దిగ్గొట్టాను. మతీయ చెక్కిన బిరడా అది, వాడి ఆత్మ చల్లగా ఉండాలి, నాకు ఈ విద్య నేర్పింది వాడే. వాడి చేతి బిరడా గొట్టంలో కూర్చుందంటే అత్తారింట్లో అల్లుడు కూర్చున్నట్టే, ఇక లేవదు. ఒక్కో దెబ్బకీ నా కాళ్లు చీలమండలదాకా నేలలో దిగబడ్డాయి, కొండకి అవతల బావిలో నీళ్లు పైకెగిరి పశువుల తొట్టిలో పడ్డాయి, ఆవులొచ్చి నాకు..."

"మందెంత పోశావు?" అని అడిగాడు వీద్. మా కుబురా దళానికి పెద్ద ఆయన. మాట తక్కువ, వినికిడి ఎక్కువ.

"మందు సంగతి తర్వాత బాబాయ్, ముందు మోత వినండి. చెయ్యి చాచాను, నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలిస్తే నీకు వైన్ ఎందుకు పోస్తాం, చెప్పు!" అన్నాం.

"మెరుపు! ఆకాశం ఈ చివరనుంచి ఆ చివరకి! నా కుబురాలోంచి వెళ్లిన మెరుపది. మేఘం రొట్టె విరిచినట్టు నడిమికి విరిగింది. ఒక ముక్క ఎటునుంచి వచ్చిందో అటే ఏడ్చుకుంటూ పోయింది. రెండో ముక్కని నేనే హంగేరీకి పంపాను, అక్కడ మిరపతోటలు ఎండిపోతున్నాయని విన్నాను కాబట్టి. గడ్డకట్టి ఉన్న వడగళ్లు ఆ వేడికి గాల్లోనే కరిగి గోరువెచ్చగా పడ్డాయట, ఆడవాళ్లు బయటికొచ్చి తలంట్లు పోసుకున్నారట. ఇప్పటికీ నా గేటుకి ఎర్ర మిరపకాయల దండలు వేలాడదీసి పోతుంటారు."

"ఆ దండలు మీ ఆవిడ కట్టేవిరా," అన్నాడు గాష్పర్.

"కట్టేది మా ఆవిడే, పంపేది వాళ్లు! మోత అక్కడితో ఆగిందా? దారిలో ఉన్న కోళ్లన్నీ మర్నాటి గుడ్డు కూడా ఆ రోజే పెట్టేసి మర్నాడు సెలవు తీసుకున్నాయి. క్రాపినా ఊళ్లో అకార్డియన్ వాయించే ముసలాయన ఉన్నాడు, పుట్టుచెవుడు. నా దెబ్బకి చెవులు తెరుచుకున్నాయి. పరిగెత్తుకొచ్చి నా చేతులు కళ్లకద్దుకున్నాడు. ఇంటికెళ్లి తన అకార్డియన్ తను విన్నాడు. అప్పట్నుంచీ నాతో మాట్లాడ్డంలేదు."

వసారా ఘొల్లుమంది. యాల్జా కూడా నవ్వింది. మతీయ పోయాక ఆమె నవ్వు వినడం మాకు అదే మొదలు. ఇంబ్రో అది గమనించాడు, ఇంకో కొండ ఎక్కాడు.

"ఒక్కటి చెప్పు బావా," అన్నాడు గాష్పర్, కళ్లు తుడుచుకుంటూ. "అంత మోత పేలితే, అదే కొండమీద ఉన్న మాకు వినపడలేదేం?"

"ఎలా వినపడుతుంది? చిన్న మోతలు పక్కింట్లోనే చస్తాయి. పెద్ద మోత ముందు దూరం వెళ్తుంది, ఊళ్లన్నీ చూసుకుని, సముద్రం దాకా పోయి, తిరుగుదార్లో ఇంటికొస్తుంది. నాది ఇంకా దార్లో ఉంది. మంచి మోతకి తొందరుండదు."

"మరి నీ తోటమీద వడగళ్లు పడ్డాయే? ఒక్క ఆకు మిగల్లేదే?"

ఇంబ్రో గ్లాసులోకి చూశాడు. శరదృతువులో కొండంతా ద్రాక్ష తొక్కుతుంటే అతని తొట్టి ఒక్కటే ఎండిపోయి ఉందని మాకందరికీ తెలుసు. ఈ ఏడు అతను తాగేదంతా మా వైనే.

"కాస్త పడనిచ్చాను," అన్నాడు. "ఇంటికొచ్చిన చుట్టాన్ని వట్టి చేతుల్తో పంపుతామా? అది కాదు వినాల్సింది. అసలు అద్భుతం మర్నాడు. నేను కుబురా ఇక్కడే వదిలేసి వెళ్లాను కదా, పొద్దున్నే వచ్చి తీసుకున్నాను. గొట్టంలోకి చూశాను. బిరడా లేదు, ఖాళీ! సరే, పేలింది కాబట్టి ఖాళీ. కానీ లోపల, ఒట్టేసి చెబుతున్నాను, కడిగిన చెంచాలా తళతళ! ఒక్క మసి మరక లేదు. అంత బలమైన మోత బాబూ, పోతూ పోతూ మసిని కూడా వెంటబెట్టుకుపోయింది!"

ఎవరూ నవ్వలేదు.

వీద్ చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఒక్కసారి పేలితే చాలు, కుబురా గొట్టం పొగగొట్టం కంటే కనాకష్టంగా తయారవుతుంది. వేడినీళ్లు పోసి, గుడ్డ దూర్చి, మళ్లీ పోసి, ఎంత తోమినా చేతులకి మురిగిన గుడ్డు కంపు రెండోపూటకీ వదలదు. మేఘాన్ని చీల్చానంటే నమ్మినట్టు నటిస్తాం. కోళ్లకి సెలవిచ్చానన్నా సరే. పేలిన గొట్టం కడక్కుండా మెరిసిందంటే మాత్రం, ఈ వసారామీద పసిపిల్ల కూడా ఒప్పుకోదు.

"ఒరేయ్ ఇంబ్రో," అన్నాడు గాష్పర్ నెమ్మదిగా, "నువ్వు..."

"నువ్వు ఊరుకో గాష్పర్," అంది యాల్జా. లేచి లోపలికెళ్లి, పండుగపూట తీగలమీద చల్లడానికి దాచిన పాత తెల్లవైన్ సీసా పట్టుకొచ్చింది. దాని మూతికున్న లావుపాటి బిరడా మెలితిప్పి లాగి, ఇంబ్రో ముందు బల్లమీద పెట్టింది. కర్ర తెల్లగా ఉంది. పైభాగం సుత్తిదెబ్బలకి నలిగి పువ్వులా విచ్చుకుంది. అడుగున ఒక్క నల్ల చుక్క లేదు.

"ఆ రోజు నీ కుబురా పేలలేదు ఇంబ్రో. నువ్వు మందు పోయడం మరిచిపోయావు."

"పేలింది వదినా! నేను విన్నాను!"

"నువ్వు నొక్కిన క్షణానే అదిగో ఆ లోయలో పిడుగు పడింది. 'చూశావా వదినా, మతీయ తోట జోలికి వస్తే ఏమవుతుందో!' అని అరిచావు. కుబురా ఈ బల్లమీద పడేసి నీ తోటకి పరిగెత్తావు. అప్పటికి అక్కడ పరిగెత్తి కాపాడాల్సింది ఏమీ లేదు. మేఘం అంటావా, గాలి మళ్లింది, అదీ మళ్లింది. సాయంత్రం ఈ కుబురాని పొయ్యికి దూరంగా పెట్టుకుని, లోపల మందుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, సీసా బిరడాలు లాగే మరమేకుతో దీన్ని లాగాను. ఒక్క నలుసు మందు రాలలేదు."

ఇక ఆగడం మావల్ల కాలేదు. గాష్పర్ బల్లమీద తల ఆనించి నవ్వాడు, వీద్ కూడా గడ్డం అడ్డుపెట్టుకుని నవ్వాడు. ఇంబ్రో చెవులు హంగేరీ మిరపకాయల్లా ఎర్రబడ్డాయి. అతని కళ్లు ఇప్పుడు సుత్తి వైపు కూడా వెళ్లడంలేదు.

"మరి అప్పుడే చెప్పొచ్చుగా వదినా," అన్నాడు చాలా చిన్నగా.

"ఎలా చెప్పను? ఆ రోజు కొండంతా ఎవరి తోటలో వాళ్లు నిలబడ్డారు. తప్పని ఎవర్నీ అనను, ఎవరి తీగలు వాళ్లకి ముద్దు. నా తోటలో నిలబడేవాడు మట్టిలో ఉన్నాడు. నేను ఈ గుమ్మంలో కూర్చుని, పడితే పడనీ అనుకుంటున్నాను. అప్పుడు నువ్వొచ్చావు, నెత్తిన టోపీ కూడా లేకుండా, నీ తోటని గాలికొదిలేసి. వడగళ్లు నెత్తిమీద టకటకా పడుతుంటే ఈ బిరడాని దిగ్గొడుతూనే ఉన్నావు. ఆ కంగారులో మందు గుర్తుంటుందా ఎవరికైనా?"

గాష్పర్ నవ్వు ఆగిపోయింది. తల ఎత్తకుండా బల్లమీద గోటితో గీస్తూ కూర్చున్నాడు.

"ఇంకో మాట," అంది యాల్జా, బిరడామీద కత్తిగాట్లు వేలితో తడుముతూ. "మతీయ చెక్కిన బిరడాలన్నీ అతని గౌరవార్థం అంత్యక్రియలనాడు మీరే పేల్చేశారు. నీ జేబులో ఉన్నదే చివరిది. నువ్వు మందు పోసి ఉంటే ఇదీ ఉండేది కాదు. నీ మతిమరుపుకి నేను రోజూ దండం పెట్టుకుంటున్నాను."

ఆ మాటంటూనే సుత్తి తీసి అతని చేతిలో పెట్టింది. బిరడా కూడా పెట్టింది.

ఇంబ్రో అదిరిపడ్డాడు. "సుత్తి ఇస్తే తీసుకుంటాను వదినా, కాదనను. ఇది మాత్రం వద్దు. దాచుకో."

"అతను దాచుకోమని చెక్కాడా? పేల్చమని చెక్కాడు."

అందరం మంచులోకి దిగాం. ఇంబ్రో అలవాటుగా బిరడా గొట్టం మూతికి పెట్టబోయాడు.

"మందూ!" అని కొండ దద్దరిల్లేలా అరిచాం.

గాష్పర్ తన తుపాకిమందు కొమ్ములోంచి తనే మందు పోశాడు. "పోశాను, పడింది, సాక్షిని నేను," అన్నాడు. ఇంబ్రో బిరడా దిగ్గొట్టాడు. కాళ్లు నేలలో దిగబడలేదు. రాగి టోపీ తొడిగి, చెయ్యి చాచి, నొక్కాడు.

నిజం చెప్పాలంటే అదంత పెద్ద మోతేం కాదు. దగ్గర్లో రెండు వరసల తీగలమీది మంచు రాలింది. ఒక సాసేజీ తెగి కింద పడింది. తెల్లటి పొగ యాల్జా చుట్టూ తిరిగి, వైన్ కొట్టు కప్పుమీదుగా మెల్లగా పోయింది. ఆమె పొగ పోయిన వైపే చూస్తూ నిలబడింది.

ఇంబ్రో మసి పడిందంటూ కళ్లు తుడుచుకున్నాడు. నల్లబడ్డ గొట్టాన్ని అందరికీ తిప్పి చూపించాడు. తర్వాత చెయ్యి చెవికి ఆనించి, లోయవైపు వంగి, ఆఖరి ప్రతిధ్వని అణిగేదాకా ఆగాడు.

"విన్నారా?" అన్నాడు. "ఇది ఇప్పటిది కాదర్రా. జూలైలోది. ఇప్పటికి ఇల్లు చేరింది."