జననాలకొక చేయి, మరణాలకొక చేయి

1934 జూన్ 18వ తేదీన బాగేపల్లిలో గుమాస్తాగా ఆరోగ్య శాఖలో అడుగుపెట్టిన శ్రీ ముత్యాలప్పగారు, ముప్పై రెండేళ్ళ అవిశ్రాంత సేవానంతరం, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. అవిశ్రాంతమన్న మాట మర్యాదకు వాడింది కాదు. వారు కుర్చీలో కుదురుగా కూర్చుండగా చూసినవారెవరైనా ఉంటే ఈ సభలో చేయెత్తవచ్చు.

చిక్కబళ్ళాపురంలో కొన్నేళ్ళు పనిచేసి, 1945లో చింతామణికి జనన మరణాల గుమాస్తాగా వచ్చింది మొదలు, వారి కాలు ఒకచోట నిలువలేదు. పట్టణంలో మరణాలు దాగవు, దాగేవి జననాలే. దిష్టి తగులుతుందనే భయంతో బిడ్డ పుట్టిన సంగతి నెలల తరబడి ఎవరూ చెప్పేవారు కారు. టీకాలు వేసే సీనప్పగారేమో మన కార్యాలయం ఇచ్చిన పట్టీ చూసుకొనే ఇల్లిల్లూ తిరిగేవారు, పట్టీలో లేని బిడ్డకు టీకా ఉండేది కాదు. అందుకే ముత్యాలప్పగారు తెల్లవారగానే బయలుదేరి, ఏ ఇంట పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుందోనని చెవులు రిక్కించుకొని వీధులు తిరిగేవారు. "ముత్యాలప్ప వస్తాండాడు, బిడ్డ నోట్లో పాలు పొయ్యండే!" అని పేటవీధి అమ్మలక్కలు నవ్వుకునేవారు.

ఇక్కడొక సంగతి, వారి కుటుంబం అనుమతితోనే, చెప్పవలసి ఉంది. ముత్యాలప్పగారికీ వనజమ్మగారికీ పుట్టిన మొదటి ఇద్దరు బిడ్డలు ఏడాది నిండకుండానే పోయారు. ఇద్దరి జననమూ, ఇద్దరి మరణమూ ఆ తండ్రి తన చేతితోనే రాయవలసి వచ్చింది. 1952లో మూడవ బిడ్డగా ఆడపిల్ల కలిగింది. ముత్యాలప్పగారి తల్లి అక్కమ్మగారు, ఈ బిడ్డ మీదైనా మృత్యువు కన్ను పడకూడదని, మనవరాలిని చేటలో పెట్టి దిబ్బ మీద పడుకోబెట్టి, పొరుగామె చేత ఎత్తించి, పిడికెడు తవుడిచ్చి తిరిగి కొని, తిప్పమ్మ అని పేరు పెట్టారు. ఆపైన కొడుకుకు అడ్డం తిరిగారు.

"సావులు రాసే చేత్తో నా మనవరాలి పేరు రాస్తావా నాయనా? ఇద్దుర్ని రాస్తివి. యాడుండారు వాళ్ళు?"

ఊరందరికీ బుద్ధులు చెప్పే ఆయన కలం జేబులో పెట్టేసుకున్నారు. తిప్పమ్మ పేరు నమోదు కాలేదు.

ఆ ఎండాకాలం పక్కవీధిలో మశూచి కనిపించింది. సీనప్పగారు పట్టీ చేతబట్టుకొని వచ్చి, ఎడమ పక్క ఇంట్లోకి వెళ్ళారు, కుడి పక్క ఇంట్లోకి వెళ్ళారు, నడుమ ఇంటిని దాటి సాగిపోయారు. అరుగు మీద కూర్చోలేక, లేవలేక కొట్టుమిట్టాడుతున్న ముత్యాలప్పగారు చెప్పులైనా తొడగకుండా వీధిలోకి పరుగెత్తి, తమ ఇంట్లోనూ బిడ్డ ఉందని చెప్పారు.

"మీ ఇంట్లో బిడ్డ ఉండాదా?" సీనప్పగారు నివ్వెరపోయారు. "పట్టీలో లేదు గదప్పా! రాసేది మీరే గదా!"

అక్కమ్మగారు బిడ్డను హత్తుకొని గడపకు అడ్డంగా నిలబడ్డారు.

"అమ్మా, నేను రాయల్యా కాబట్టి సీనప్పకు మన గడప కనపడల్యా," అన్నారు ముత్యాలప్పగారు. "అమ్మవారికి పట్టీతో పనిల్యామ్మా. పట్టీలో ల్యాని ఇంటిక్కూడా ఆమె వస్తాది."

ఆ తల్లి గడప నుంచి పక్కకు జరిగారు.

"సరే, టీకా ఎయ్యమను. పేరు మాత్రం ఇంకొకరి చేత రాయించు. నువ్వొద్దు."

ఆ సాయంత్రమే సహోద్యోగి అశ్వత్థప్పగారు తిప్పమ్మ జననాన్ని నమోదు చేశారు. టీకా పొక్కి, జ్వరం తగ్గేవరకు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఆ వీధిని మశూచి వదిలిపెట్టలేదు గాని, బిడ్డ దక్కింది.

బిడ్డ పేరు నమోదైన మరునాడే ముత్యాలప్పగారు అధికారి శ్రీరామయ్యగారిని ఒప్పించి పని పంచుకున్నారు. జననాలన్నీ అశ్వత్థప్పగారికి, మరణాలన్నీ తమకు. "మీ బిడ్డ పేరు రాసేది నేను కాదమ్మా, నా చెయ్యి తగలదు," అని గడపగడపకూ చెప్పి వచ్చారు. తమ తల్లి భయాన్ని మూఢత్వమని కొట్టిపారేయక, ఊరి తల్లులందరి భయంగా గుర్తించి, దానికి దారి చూపారు. కెంచార్లహళ్ళి నుంచి పుట్టింటికి కాన్పుకు వచ్చిన ఆడబిడ్డలు సైతం తామే కబురంపసాగారు. ఈ పద్నాలుగేళ్ళూ ఊరి దుఃఖమంతా ఆ ఒక్క చేతి మీదుగానే నడిచింది. కన్న కూతురి బడి అర్జీలో సైతం ఆ చేయి ఆమె పేరు రాయలేదు. వనజమ్మగారే రాశారు.

నిన్న వారు మరణాల పుస్తకాన్ని అప్పగించి ఇంటికి వెళ్ళగా, ఎనభై దాటిన అక్కమ్మగారు కొడుకు చేతులు పసుపునీళ్ళతో కడిగి, మనవరాలి చిన్ననాటి పలక తెచ్చి ముందుంచారట.

"ఇంక రాయి నాయనా."

తిప్పమ్మ పేరు మొదటిసారి సరిగా కుదరక, చెరిపి మళ్ళీ రాశారట. ఆ చేయి ఇకనైనా నెమ్మదించి, చక్కని ఆరోగ్యంతో, నిండు నూరేళ్ళు, బతికున్నవారి పేర్లే రాస్తూ ఉండుగాక.