అన్నీ గుర్తుపెట్టుకునే టీవీ

"మీ ఆయన మూడు రోజులుగా టీవీని వాటేసుకుని కూర్చున్నాడటగా అని పక్కింటి పిన్ని దెప్పింది," అంది ఇల్లాలు మొగుడితో.

"కళ్లు కుట్టాయిలే ఆవిడకి! టీవీలో కొత్త మీడియా సెంటర్ సాఫ్ట్‌వేర్ పెట్టాను, చూడు. సినిమాలు, పాటలు, మన పెళ్లి వీడియో, అన్నీ ఒక్కచోటే. ఏది ఎంతవరకు చూశామో కూడా మరిచిపోదు."

ఇల్లాలు బెట్టు సడలించి రిమోట్ అందుకుంది.

"మనం చూస్తున్న హత్య సీరియల్‌కి ఆఖరిదైన పదో భాగం దాకా చూసేసినట్టు టిక్కులేమిటి? ఇద్దరం కలిసి చూసింది నాలుగేగా?"

"అదా... బొమ్మ సరిగ్గా వస్తోందో లేదోనని పరీక్షించాను."

"ఆఖరి నిమిషం దాకానా?"

"సాఫ్ట్‌వేర్ మాత్రం అమోఘం కదూ?"

"అమోఘమే. హంతకుడెవరో చూసేసే, వాణ్ణి కనిపెట్టలేక ఓడినవాళ్లు నెల్లాళ్లు గిన్నెలు తోమాలని నిన్న నాతో పందెం కాశారన్నమాట. లేవండి, సింకు నిండా ఉన్నాయి."