జీపుకు కొత్త ఏంటెనా

నాగేపల్లి వెల్డింగ్ షాపు ముందు అటవీశాఖ జీపు ఆపి, డ్రైవర్ సమ్మన్న కొత్త ఏంటెనా దించాడు.

"టాప్ మీద వద్దన్నా, బంపర్‌కు బిగించు. అడుగున స్ప్రింగ్ పెట్టు. వెదురు తాకితే వంగాలె గని విరుగొద్దు."

"పాతది గట్లనే విరిగిందా తమ్మీ?"

"అవు. తీగ చుట్టి నడిపిన. ఏటపల్లి అడవిల ఫోన్లు పనిచెయ్యయి, వైర్‌లెస్సే దిక్కు. ఆ దినం తీగ ఊడింది నేను చూసుకోలే."

"ఏ దినం?"

"ఏనుగులు మా కాపలాదారు జంగును తొక్కి సంపిన దినం. జీపు తెమ్మని పిలుస్తనే ఉన్నడట. నేను దగ్గర్లనే చాయ తాగుతున్న."

వెల్డర్ పని ముగించి, ఏంటెనాను చేత్తో ఊపి చూసి, "ఇగ మాట్లాడి చూడు" అన్నాడు.

సమ్మన్న మైకు నొక్కాడు. "క్యాంపు, ఇనవడుతందా?"

గరగర మధ్య ఆడగొంతు పలికింది. "సాఫ్ ఇనవడుతంది అన్నా."

"ఎవరది?" వెల్డర్ అడిగాడు.

"జంగు పెండ్లాం. ఆయన నౌకరి ఆమెకిచ్చిన్రు."

రేడియో మళ్ళీ పలికింది. "అన్నా, ఆయన పిలిచినప్పుడు గూడ మీకు గిట్లనే ఇనవడ్డదా?"

సమ్మన్న మళ్ళీ మైకు నొక్కాడు. "లే చెల్లే. ఏంటెనా పోయుండె."

"గట్లనా? తోటోళ్లు ఉరుకుమన్నా ఉరకలేదట. సమ్మన్న ఇన్నడు, వస్తడు అనుకుంట దారిలనే నిలవడ్డడట."