అన్వరీ మీది గడ్డి

భవానీపురం చివర ఖబరస్తాన్. మోకాలెత్తు గడ్డి.

“ఆ గడ్డి కోసే మిషన్ ఆపండి బాబాయ్ గారూ! దండం పెడతా, ఆపండి!”

“ఆపా. ఏంటమ్మా గోల?”

“ఆ జిల్లేడాకుల మీద చూడండి, గొంగళిపురుగులు. పది రోజులాగితే సీతాకోకచిలుకలై ఎగిరిపోతాయి. గడ్డిచామంతి నిండా తేనెటీగలు. నా పేరు సింధూరండీ, కాలేజీలో పాఠాలు చెబుతా. మూడేళ్ళుగా నెలనెలా ఇక్కడి పూలూ పురుగులూ లెక్కేస్తున్నా.”

“చచ్చినోళ్ళ మధ్య పురుగుల లెక్కా? పెళ్ళిళ్ళలో బిర్యానీ వండితే నాకు కూలొస్తుంది, నీకు జీతమెంత?”

“ఏమీ లేదండీ.”

“అనుకున్నా. జరుగు. ఎల్లుండి షబేబరాత్. అందరూ సమాధుల దగ్గర ఫాతిహా చదువుతారు. మా ఆవిడది ఎక్కడుందో నాకు తెలీదు.”

“తెలీకపోవడమేంటండీ?”

“రాయి వెయ్యలా. ఈ మూలే ఎక్కడో. గడ్డి కొట్టేస్తే దిబ్బ కనపడుద్ది.”

“ఎప్పుడు పోయారు?”

“రెండేళ్ళ కింద. ఆగస్టు. అన్వరీ.”

“ఉండండుండండి. ప్రతి నెలా ఈ గోడ దగ్గరే నిలబడి ఫోటో తీస్తా. జులై... ఆగస్టు... ఇదిగో, కొత్త మట్టి! ఈ మూల ఆ నెల ఇదొక్కటే. అదుగో, ఆ తుమ్మి పూల దగ్గర. గడ్డి కొయ్యక్కర్లా, రండి.”

“వద్దులే.”

“ఇప్పుడేగా వెతుకుతున్నానన్నారు?”

“వెతుకుతున్నా. మిషన్‌తో వెతుకుతా.”

“బాబాయ్ గారూ, పాతిపెట్టినప్పుడు మీరు లేరా?”

“నమాజు దాకా ఉన్నా. నమాజుకి ముందు అడుగుతారు, ఈమె ఎవరికైనా తప్పు చేసుంటే మాఫ్ చెయ్యండని. అందరూ చేశామన్నారు. నేను నోరు తెరవలా. మట్టి కూడా వెయ్యకుండా ఇంటికెళ్ళిపోయా.”

“అంత తప్పేం చేశారావిడ?”

“రొమ్ములో గడ్డ. ఏడాది దాచింది. డాక్టరు చెబితే తెలిసింది నాకు. దాన్నెట్టా మాఫ్ చేస్తా?”

“మరి ఇప్పుడెందుకొచ్చారు?”

“వంటింట్లో గిన్నెలు కదులుతున్నాయి. లేచి చూస్తే ఎవరూ ఉండరు. మాఫ్ చేశానంటే ఆగుద్దేమోనని.”

“అయితే రండి. మెల్లగా, మొక్కలు తొక్కకుండా. ఇదే. చెప్పెయ్యండి, నేను అటెళ్తా.”

“వెళ్ళమాక.”

“మీ మధ్య మాటలు నేనెందుకండీ వినడం?”

“ఉండమ్మా. నువ్వెళ్తే అది నన్నడుగుద్ది.”

“ఏమని?”

“‘గడ్డ తగిలిన రోజే చెప్పాగా, పెళ్ళిళ్ళ సీజనయ్యాక చూద్దామన్నారుగా’ అని.”