టపా ఎర్రప్ప కాలి క్లిప్పులు

ఏమప్పా కార్తికేయా, దీనికి క్లిప్పులు కావల్లంటావా? పెడలు ముందర కాలివేళ్లు దూర్చుకునేవే గదా, తోలువారు ఉండేవి? మీరు టో క్లిప్పులంటారు, మేం కాలి క్లిప్పులంటాంటిమి. యాడ దొరికిందప్పా నీకు ఈ సైకిలు, మా నాయన కాలం నాటిది మాదిరుండాది. పెడళ్లు మాత్రం మంచివి, ఇనుపవి, పండ్లుండేవి. రబ్బరు పెడలుకైతే క్లిప్పు బిగించేదానికి సందే ఉండదు. సరే కూచ్చో. బూటు ఇప్పు. బూటుతో కొలిచేది ఆఖర్న, ముందు నేను కాలు చూడల్ల. సిగ్గెందుకప్పా, కాలే గదా. ఇదో, బొటనేలు మొదట్లో ఈ బుడిపె ఉండాది చూడు, ఇది పెడలు ఇరుసు మీదికి రావల్ల. అట్ల పెడితే వేళ్ల కొనకూ క్లిప్పు రేకుకూ నడుమ పెన్సిలు పట్టేంత సందుండల్ల. తగిలితే చిన్నది, రెండు వేళ్లు పడితే పెద్దది. అంతే దీంట్లో విద్య. ఇంత చెప్పేవాణ్ణి, ఈ షాపు పెట్టినాక క్లిప్పు బిగించింది ఒగే ఒగ మనిషికి. టపా ఎర్రప్పకు. నీకు తెలీదులే, ఆయప్ప పోయి పదేండ్లాయ. అప్పటికి నువ్వు నిక్కరేసుకుంటాంటివి.

మన గార్లదిన్నెలో టపా సంచి ఎత్తుకోని శింగనమల దోవలో నాలుగు పల్లెలకు జాబులిచ్చేటోడు. పొడుగు మనిషి, ఒంట్లో కండ ల్యా. ఫోన్లు యాడుండె అప్పుడు, ఊరికొగటుంటే ఎక్కువ. వానల్లేక, శెనక్కాయ ఎండిపోయి, సగం ఊర్లు బెంగళూరికి మట్టిపనికి పోయినాయి. ఈడ ముసలోళ్లు, నడవలేనోళ్లు మిగిలిరి. వాళ్లకు ఎర్రప్ప వస్తేనే పొద్దు పోయేది. జాబు ఇసిరేసి పోయే రకం గాదు ఆయప్ప. అరుగు మీద కూచ్చునేది, చెంబుడు నీళ్లు తాగేది, చదివి వినిపిచ్చేది. చదివేది గూడా ఎట్లనుకున్నావు, కొట్టాలనే పల్లెలో సిద్దమ్మని ఒగాయమ్మ ఉండె. ఆయమ్మ కొడుకు సోమరి నాకొడుకు, 'అమ్మా, నేను బాగుండా, నువ్వు బాగుండు' అని కార్డు మీద రెండు ముక్కలు గీకి పంపేటోడు. ఎర్రప్ప ఆ కార్డునే అట్ల తిప్పి ఇట్ల తిప్పి, 'ఏమ్మా సిద్దమ్మా, మోకాళ్ల నొప్పి ఎట్లుండాదని అడగతాండాడు. ఆడ అన్నం సయించల్యంట, నీ చేతి జొన్నరొట్టె మతికొస్తాందంట' అని చదివేది. సిద్దమ్మకు తెలీదా? రెండు ముక్కల్లో అంత కథ పడతాదా? తెలుసు. తెలిసీ, 'ఇంగోసారి చదువు నాయనా' అనేది. ఆయప్ప ఇంగోసారి చదివేది, ఆ పారి రొట్టెతో పాటు ఊరిబిండి పచ్చడి గూడా కలిపేది.

ఆఁ, క్లిప్పుల సంగతి. తొంభై ఎనిమిదనుకుంటా. ఒగ పొద్దు షాపుకొచ్చి 'కుళ్లాయప్పా, ఎడమకాలు పెడలు మింద నిలవల్యా, జారతాండాది, రబ్బరు మార్చు' అనె. మారిస్తి. పది దినాలకు మళ్లీ వచ్చె, మళ్లీ మారిస్తి. మూడోసారి వచ్చినప్పుడు చూస్తే ఎడమకాలికి చెప్పు ల్యా. కుడికాలికుండాది, ఎడమకాలికి ల్యా. 'యాడ పారేసుకుంటివప్పా' అంటే, ఆయప్ప కిందికి చూసుకోని, 'అరె!' అనె. అంతవరకూ తెలీదు మనిషికి! ఎండాకాలం, రోడ్డు మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండ. నేనేం చేస్తి? నగితి. 'పొద్దున్నే మందేసినావా ఏందప్పా' అని ఎగతాళి చేస్తి. ఆయప్ప గూడా నగె. అదప్పా, ఆడనే తెలుసుకోవల్ల నేను. చెప్పు జారిపోతే తెలీని కాలు యాడన్నా ఉంటాదా? నా బుద్ధికి తట్టలా.

ఆయప్పే చెప్పె క్లిప్పుల గురించి. గుంతకల్లులో ఎవరో రైల్వే ఆయన పాత సైకిలుకు చూసినాడంట. 'అట్లాంటిది ఒగటి ఎడమకాలికి పెడితే ఇంగ జారదు కుళ్లాయప్పా. పెద్దగట్టు ఎక్కేటప్పుడు రెండుసార్లు పడితి. మూడోసారి పడితే ఈ పని వద్దు ఇంటికాడ కూచ్చోమంటారు' అనె. నాకూ పంతం వచ్చె. మా ఉస్తాదు ఇచ్చిన రేకుడబ్బాలో ఇంగ్లీషోళ్ల కాలం నాటి ఇనుప పెడళ్లు ఒగ జత ఉండె. వాటిని కిరసనాయిల్లో నానేసి, తుప్పు గీకి, గుండ్లు మార్చి, నున్నగా తిరిగేతట్ల చేస్తి. క్లిప్పులే దొరకలా. అనంతపురం తిరిగితి, ధర్మవరం తిరిగితి, 'అవి ఎవడు వాడతాడన్నా ఇప్పుడు' అనేటోళ్లే అంతా. ఆఖరికి బెంగళూర్లో గుజిరీలో, పాత సామాన్ల గుట్ట కింద ఒగ జత కనపడె. చేతిలోకి తీసుకుంటానే తెలిసిపాయ చిన్న సైజని. ఎర్రప్పది చాటంత పాదం. నడిమి సైజన్నా కావల్ల. అయినా ఇంగ యాడ వెతికేదిలే అని తెస్తి. మా ఉస్తాదు చెప్పేటోడు, 'టేపును నమ్మొద్దురా, కాలినడుగు. సైజు కాలే చెప్తాది' అని. అదీ నా ధైర్యం. బిగుతైతే మనిషే చెప్తాడు గదా.

ఈడనే, నువ్వు కూచ్చున్న ఈ బల్ల మీదనే కూచ్చోబెట్టి బిగిస్తి. కాన్వాసు బూటు ఏసుకోనొచ్చె ఆ పొద్దు. కాలు దూర్చమంటి. దూర్చె. నాకు చూస్తానే అనుమానం, వేళ్లు రేకుకు ఆనుకోనుండాయి. 'తగలతాండాయా ఎర్రప్పా?' అంటి. 'ల్యా ల్యా' అనె. 'సరిగ్గా చూస్కో, రోజూ ఇరవై మైళ్లు తొక్కేటోడివి' అంటి. 'మెత్తగుండాదప్పా, పరుపు మింద పెట్టినట్లుండాది' అనె. మూడుసార్లడిగితి నాయనా. కుళ్లాయిస్వామి సాక్షిగా మూడుసార్లు. మూడుసార్లూ బాగుండాదనె. నేనేమో ఉస్తాదు మాట నిజమే అనుకోని, తోలువారు ఇంగో బెజ్జం బిగిచ్చి పెడితి. ఎక్కి ఒగ చుట్టు తిరిగొచ్చె. కాలు జారలా. అబ్బ, ఆ మొగం చూడల్ల నువ్వు! మరుసటి వారం సిద్దమ్మ ఇచ్చిందని సీతాఫలాలు ఒగ మూట తెచ్చి నా షాపులో పెట్టిపాయ.

ఇరవై దినాలకేమో, బ్రేకు పట్టల్యాదని వచ్చె. సైకిలు దిగకుండా ఒగ కాలు కింద పెట్టి, ఇంగో కాలు క్లిప్పులోనే ఉంచి మాట్లాడతాండాడు. బూటు కొన ఎర్రగా ఉండాది. మన నేల ఎర్రమన్నే గదా, మన్నే అనుకుంటి. అంతలో ఈగలు. ఈగలు ఆ బూటు మీదనే వాలతాండాయి. నేనే వంగి తోలువారు ఇప్పి, బూటు లాగితి. చెప్పకూడదప్పా... బొటనేలు, పక్కేలు అరిగిపోయి లోపల తెల్లంగా కనపడతాండాది. ఆయప్పేమో పైన బ్రేకు గురించే చెప్తాండాడు. 'ఎనక చక్రానిది కుళ్లాయప్పా, ముందరది బాగనే పడతాండాది' అని. నేను తలెత్తి చూస్తి. అప్పుడు కిందికి చూసుకునె. ఆ మొగం... నేనింగ చెప్పలేను.

'ఎవరికీ చెప్పొద్దప్పా' అనె. పెద్దరోగమంట, కుష్టు. ఆరేండ్ల కిందట వచ్చిందంట. రెండేండ్లు మాత్రలు మింగినాడంట, పూర్తిగా తగ్గిపోయిందని డాక్టరు రాసిచ్చిన కాగితం చొక్కాజోబీలోనే పెట్టుకోని తిరగతాండాడు, తీసి నాకు చూపిచ్చె. కాల్లో తిమ్మిరి ఒగటే పోలేదంట. 'నా వల్ల ఎవరికీ రాదు కుళ్లాయప్పా, డాక్టరు చెప్పినాడు. చెప్తే ఎవురు నమ్ముతారు, సిద్దమ్మ అరుగు మింద కూచ్చోనిస్తాదా? నువ్వు అడిగినప్పుడు నొప్పి తెలీదని ఎట్ల చెప్పేది' అనె. నాకు కోపమొచ్చె, ఏడుపొచ్చె. అబద్ధం చెప్పి నా చేత్తోనే చేయిస్తివి గదప్పా అని అరవల్లనిపిచ్చె. అరవలా. ఏం చేస్తినో తెలుసా? మూలకుపోయి డబ్బాలోని కిరసనాయిలు చేతులకు పోసుకోని కడుక్కుంటి. మోచేతుల దాకా. సైకిలు షాపోడు కిరసనాయిల్తో చేతులు కడగడం రోజూ ఉండేదే, గ్రీజు పోవల్ల గదా. ఆ పొద్దు నా చేతికి గ్రీజు ల్యా. ఆ సంగతి ఆయప్పకూ తెలుసు. నిలబడి చూసె, కాగితం మడిచి జోబీలో పెట్టుకునె, కుంటుకుంటా సైకిలు తోసుకోని పాయ.

ఎవరికీ చెప్పలా నేను. మా ఆడమనిషికి చెప్తి. తిరుపాలమ్మకు. అన్నం సగంలో ఇడిసి లేస్తి, ఏమాయ ఏమాయ అంటే చెప్తి. ఒట్టేయిచ్చుకోనే చెప్తి. ఆయమ్మ వాళ్ల చెల్లెల్ని కొట్టాల్లోనే ఇచ్చినారు. ఇంగ నీకు చెప్పల్లనా? అదేం రోగమో, అంటుతాదో అంటదో, ఎవురూ అడగలా. వారం తిరక్కముందే సిద్దమ్మ వాకిట్లో చాట పెట్టింది. 'ఈడ ఏసిపో నాయనా' అనిందంట లోపల్నుంచి. ఎర్రప్ప కార్డు చాటలో పెట్టి, ఎనక్కి నడిచి, సైకిలు పట్టుకోని దూరంగా నిలబడినాడంట, చదవమంటాదేమో అని. అనలా. ఆ ఊరి బడి అయివారు నా షాపుకొచ్చినప్పుడు చెప్పె ఇదంతా, ఆ కార్డు చదివింది ఆ అయివారే. 'అమ్మా, నేను బాగుండా, నువ్వు బాగుండు' అని చదివినాడంట. 'అంతేనా?' అనిందంట సిద్దమ్మ. 'అంతేనమ్మా' అన్నాడంట అయివారు. అటు తిప్పి చూడు నాయనా, ఎనకాల రాసింటాడు, అనిందంట.

నా షాపు మీదనే పోతాండె ఎర్రప్ప, రోజూ. చెప్పింది ఎవురో ఆయప్పకు తెలీకేం, తెలిసినోణ్ణి నేనొగణ్ణే. ఒగ మాట అడగలా. అడిగింటే బాగుండు. తిట్టింటే నేను గూడా నాలుగు తిట్టి, ఏడ్చి, అయిపోయేది. ఇంగో నెలకు సంచి వాపసు ఇచ్చేసి, కాలు చీము పట్టి అనంతపురం ఆసుపత్రిలో చేరె. ఎడమకాలి వేళ్లు ఐదూ తీసేసినారని తెలిసె. నేను పోదాం పోదాం అనుకుంటానే ఇరవై దినాలు గడిపితి. ఉత్త చేతుల్తో ఎట్ల పోయేది? అరటిపండ్లు తీసకపోయేదానికి మొగం చెల్లలా. గుంతకల్లుకు పోయి, ఆ రైల్వే ఆయన ఇల్లు వెతికి పట్టుకోని, కాళ్లుగడ్డం పట్టుకోని ఆయన సైకిలుకుండే జత ఇప్పిచ్చుకుంటి. నడిమి సైజు. తెలుసు నాయనా, తెలుసు, దాంతో ఏమొస్తాది. నాకు తెలిసిన సామాను అదే.

పొద్దున్నే పోతి. ఒగ మూలన మంచం ఏసినారు, పక్క మంచం ఖాళీ. నన్ను చూసి లేచి కూచ్చునె. క్లిప్పులు చేతికిస్తే కిటికీ వెలుతురుకు పెట్టి చూసె, తోలువారు లాగి చూసె. 'మంచి సరుకప్పా. ఏ సైజు?' అనె. 'నడిమిది' అంటి. దుప్పటి తీసి కట్టు కట్టిన కాలు చూసుకోని, క్లిప్పు పక్కన పెట్టి చూసి, 'ఇప్పుడు పెద్దదైపోతాది కుళ్లాయప్పా. ఆ చిన్నదే సరిపోతాదిలే, బెంగళూరుది, అదే బిగించు' అనె. ఎత్తిపొడుపు గాదు. ఆయప్ప నిజంగానే కొలిచి చెప్పె. లేచినాక మళ్లా తొక్కుతాననే ఉండాడు మనిషి.

తర్వాత కాళ్లు ముడుచుకోని, దుప్పటి పక్కకు జరిపి, మంచం మీద ఇంత జాగా చేసె. 'కూచ్చో కుళ్లాయప్పా, ఎంతసేపు నిలబడతావు. ఊర్లో సంగతులేమన్నా చెప్పు' అనె. జాగా చేసి, దాన్ని చేత్తో తుడిచె గూడా. నేను ఆ జాగా చూస్తి, ఆయప్పను చూస్తి. 'ల్యా ఎర్రప్పా, బస్సుకు టైమాయ' అంటి. 'అవునవును, బస్సు పోతే మళ్లా కష్టం, పోయిరా' అనె. పది దినాలకు ఆ మంచం మీదనే పాయ ఆయప్ప.

మన బస్సు సాయంత్రం నాలుగింటికి. గేటు బయటికొచ్చి చూస్తే ఇంగా పదకొండు గూడా కాలా.