కడుపునొప్పి అని రాయమన్నది నేనే

మనసు బాగాలేని రోజున సెలవు కాగితంలో కారణం దగ్గర ఏమని రాయాలి? పదహారేళ్లుగా ఈ ప్రశ్న నా దగ్గరే ఉంది. ఎస్సై గారు అడిగింది ఇది కాదు. శనివారం మా క్యాబ్ కాలువలోకి ఎలా దిగింది, డ్రైవర్ యాదగిరి తప్పు ఎంత అన్నది వారు అడిగారు. అతని మీద కేసు ఎటు పోతుందో, లైసెన్స్ ఉంటుందో పోతుందో నా మాటను బట్టి ఉంటుందన్నారు. ఇది చెప్పకుండా అది చెప్పడం నాకు చేతకావడం లేదు.

నా పేరు నజ్‌నీన్. తండ్రి పేరు జమాలుద్దీన్. వయస్సు నలభై నాలుగు. నివాసం మేడ్చల్. ఎం.ఏ. చదివాను. తుర్కపల్లిలో ఒక మందుల పరిశోధన సంస్థలో సిబ్బంది వ్యవహారాలు చూస్తాను. సెలవు కాగితాలన్నీ నా టేబుల్ మీదికే వస్తాయి.

2009లో దుండిగల్‌లో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఐదో నెలలో గర్భం పోయింది. ఒళ్లు తేరుకుని డ్యూటీకి వెళ్లాక కూడా కొన్ని పొద్దులు మంచం మీంచి లేవలేకపోయేదాన్ని. ఆ రోజుల్లో కడుపునొప్పి అని రాసేదాన్ని. మూడోసారి రాసినప్పుడు ప్రిన్సిపాల్ గారు అల్సర్ పరీక్ష చేయించుకోమన్నారు. చేయించుకున్నాను. అల్సర్ లేదు.

అందుకే ఇక్కడ నిరుడు జనవరిలో మూడు నెలలకొక రోజు 'మనసు సెలవు' పెట్టించాను. ఆ మీటింగులో క్యాబ్‌ల సూపర్‌వైజర్ రాకేష్, "సోమారం పొద్దుగాల ఎవనికి మంచిగుంటది మేడం మనసు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సెలవైతే వచ్చింది. ల్యాబ్ వాళ్లు వాడుకున్నారు. డ్రైవర్లు దానికి 'పిచ్చి సెలవు' అని పేరు పెట్టారు.

యాదగిరికి ముప్పై తొమ్మిదేళ్లు. ఈ ఫిబ్రవరిలో అతని తమ్ముడు శామీర్‌పేట దాటాక, తుర్కపల్లి వెళ్లే రోడ్డు మీద లారీ గుద్ది చనిపోయాడు. మా క్యాబ్ రోజుకు నాలుగు సార్లు ఆ చోటు మీదుగానే పోతుంది. మార్చిలో యాదగిరి నా దగ్గరికొచ్చి, "ఆ జాగ కాడికి రాంగనే కాళ్లు చేతులు సల్లవడుతున్నయి మేడం" అన్నాడు. కాగితం మీద కడుపునొప్పి అని రాయబోతే నేనే ఆపాను. "అబద్ధం ఎందుకు? ఉన్నది రాయి. ఈ సెలవు ఉన్నది అందుకే కదా" అన్నాను. ఉన్నది రాశాడు.

మర్నాడు రాకేష్ అతని దగ్గర బండి తాళం తీసుకున్నాడు. వెళ్లి అడిగాను. "దిమాగ్ మంచిగ లేదని ఆయననే రాసిచ్చిండు మేడం. రేపేమన్న అయితే మీరు జవాబిస్తరా?" అన్నాడు. నా టేబుల్ దగ్గరికి తిరిగొచ్చేశాను. పన్నెండు రోజులు యాదగిరి గేటు దగ్గర మొక్కలకు నీళ్లు పోశాడు. వచ్చేపోయే డ్రైవర్లు "ఏం యాదన్న, పిచ్చి తగ్గిందా?" అని పలకరించేవారు. పదమూడో రోజు, మంచిగ ఉన్నానని రాయించుకుని తాళం ఇచ్చారు. ఆ తర్వాత డ్రైవర్లలో ఒక్కరూ ఆ సెలవు అడగలేదు. రాకేష్ చెడ్డవాడు కాదు. ఆ మాట కూడా రాసుకోండి.

19-07-2025, శనివారం. ఉదయం 6.40కి మేడ్చల్‌లో క్యాబ్ ఎక్కాను. మొదట ఎక్కేది నేనే, ముందు సీట్లో కూర్చుంటాను. యాదగిరి బండి స్టార్ట్ చేయలేదు.

"మేడం, ఇయ్యాల మంచిగ లేదు" అన్నాడు.

"ఏమైంది?"

"తమ్మునిది పుట్టినరోజు."

నేను వాచీ చూసుకున్నాను. 6.45. "అయితే ఇంటికి వెళ్లు. కడుపునొప్పి అని రాసెయ్యి" అన్నాను.

అతను నా వైపు తిరిగి నవ్వాడు. "గా అబద్ధం మునుపు రాస్తనే ఉంటిమి గద మేడం. మీరే గద వద్దంటిరి."

"ఉన్నది రాస్తే మల్ల తాళం పోతది. పోనియ్యుండ్రి, మెల్లగ పోదాం" అని స్టార్ట్ చేశాడు. నేను దిగలేదు. అతన్ని దిగమనలేదు. బెల్టు పెట్టుకున్నాను.

7.05కి దేవరయాంజాల్‌లో అంకిత ఎక్కింది. ఇరవై ఆరేళ్ల అమ్మాయి, ల్యాబ్‌లో పని. శనివారం కాబట్టి ఇంకెవరూ లేరు. 7.35 ప్రాంతంలో శామీర్‌పేట దాటాం. వేగం నలభై లోపే. వాన లేదు. ముందు ఎవరూ లేరు, కుక్క కూడా లేదు. యాదగిరి "జరుగురా, పక్కకు జరుగు" అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. గట్టిగా బ్రేకు వేసి ఎడమకు తిప్పాడు. బండి రోడ్డు దిగి కాలువలోకి ఒరిగింది. టైము 7.42. అంకిత కుడి మణికట్టు విరిగింది. యాదగిరి తలకు దెబ్బ తగిలింది, రెండు పక్కటెముకలు విరిగాయి. నాకేమీ కాలేదు, బెల్టు పెట్టుకున్నాను. అంకిత వెనక నుంచి "అన్నా, ఎవరికి తగిలింది? ఎవరికి తగిలింది?" అని అడుగుతూనే ఉంది. ఎవరికీ తగల్లేదు.

ఆదివారం ఆస్పత్రికి వెళ్లాను. "పొద్దుగాల మీకు చెప్పిన ముచ్చట చెప్పకుండ్రి మేడం. తెలిసి తెలిసి నడిపిండంటరు" అన్నాడు యాదగిరి. ఆ సాయంత్రం మా ఆఫీసు పెద్దలు ఫోన్ చేసి, వాళ్లూ ఆ మాట వద్దన్నారు. ఎవరి కారణం వాళ్లది, అడిగింది మాత్రం ఒకటే.

చెబుతున్నాను. అతను దాచలేదు. అతను చెప్పాడు, నేను విన్నాను, విన్నాక కూడా బండి కదిలింది. ఈ మాట అతన్ని కాపాడుతుందా, ముంచుతుందా అని అడిగితే ఎస్సై గారు ఇప్పుడే చెప్పలేమన్నారు.

మనసుకు సెలవు ఉండాలా అంటే ఉండాలనే ఇప్పటికీ అంటాను. కానీ బండి నడిపే మనిషి ఆ మాట రాసిచ్చాక, రాకేష్ స్థానంలో నేనుంటే తాళం ఇచ్చేదాన్నా? అంకిత తల్లికి ఎదురుపడి ఇచ్చేదాన్నని అనగలనా? తెలియదు. మార్చిలో ఉన్నది రాయమన్నది తప్పా, శనివారం లేనిది రాయమన్నది తప్పా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నేను చెప్పినదంతా నిజం. ఎవరి ఒత్తిడీ లేదు. చదివి వినిపించారు. ఒకచోట 'డ్రైవరుకు కడుపునొప్పి ఉండెను' అని పడింది. కొట్టివేయించి పక్కన సంతకం చేశాను. మరి అక్కడ ఏమని రాయాలని స్టేషన్ రైటర్ గారు అడిగారు. 'మంచిగ లేదు' అని, అతనన్న మాటే రాయమన్నాను.

(సంతకం) నజ్‌నీన్
శామీర్‌పేట, 21-07-2025